‘సైన్సు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెగలదు’

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. నేను బి.కాం. చదివాను. మా వారు రొయ్యల చెరువులు చూసుకుంటారు. మాకు ఒక బాబు, ఒక పాప. వాడికి 11 ఏళ్ళు, దానికి 8. రెండేళ్ళ క్రితం బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. పొద్దున్నే బడి బస్సు హారను వినబడితే చాలు, బాబు వాంతి చేసుకునేవాడు. ఇప్పుడు ఇద్దరూ హాయిగా ఉన్నారు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సోషల్ నేనే చెబుతున్నాను. సైన్సు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెగలదు. పదో తరగతిలో గైడు బట్టీ పట్టి గట్టెక్కినదాన్ని. పాఠం చదివి వినిపించడం, చివర ఉన్న ప్రశ్నలకు జవాబుల కింద గీతలు గీయించడం, అంతటితో సరి. మొన్న పొద్దున పాప ఆకాశంలోకి చెయ్యి చూపించి, “పగలు చంద్రుడెందుకున్నాడమ్మా?” అని అడిగింది. “ఫోనులో చూసి చెబుతాలే” అన్నాను. చూశాను, చదివాను, నాకే అర్థం కాలేదు. పాప మళ్ళీ అడగలేదు. మా వారిని అడిగితే “ఇంటర్ తప్పినవాణ్ణి, నాకేం తెలుసు” అంటారు. మా అత్తగారు “అందుకే బడికి పంపమన్నాను” అంటున్నారు. ట్యూషన్ మాస్టారుని పెట్టమంటారా? బడికే పంపేయమంటారా? లేక నాకు ధైర్యం వచ్చే దారి ఏదైనా ఉందా?
— ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు:

అమ్మా,

సూటిగా అడిగిన రెండింటికీ ముందు సూటిగా చెప్పేస్తాను. ట్యూషన్ మాస్టారు ఇప్పుడు వద్దు. బడి సంగతి మీరూ మీ వారూ కూర్చుని ఆలోచించుకోవలసినది. పంపాలనుకుంటే పంపండి, తల్లికి సైన్సు రాదన్న కారణం మీద మాత్రం పంపకండి. బడిలో ఆ పాఠం చెప్పేవాళ్ళకు అంతా వచ్చేసి ఉంటుందన్న మీ నమ్మకం నన్ను కొంచెం నవ్వించింది. 31 ఏళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. నా సంగతి వినండి.

కొవ్వొత్తి ప్రయోగం మీరూ చదివే ఉంటారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి మంట ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. “గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. అది మండి ఖర్చయిపోయింది. ఆ ఖాళీలోకి నీళ్ళు ఎక్కాయి” అని ఏటా చెప్పేవాణ్ణి. అయిదో వంతు కన్నా ఎక్కువో తక్కువో ఎక్కితే, గ్లాసు సరిగా పెట్టలేదని పిల్లలనే కసిరేవాణ్ణి. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి.

ఒక ఏడాది ఎనిమిదో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. “మాస్టారూ, మండుతున్నంతసేపూ నీళ్ళు పెద్దగా ఎక్కలేదండీ. ఆరిపోయాక గబగబా ఎక్కాయి. ఆక్సిజన్ అయిపోయేది మండుతున్నప్పుడు కదండీ?” అంది. అక్కడితో ఊరుకోలేదు. “గ్లాసు పెట్టేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు కూడా వచ్చాయండీ.” అప్పుడు నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. “కూర్చో. పరీక్షలో ఇవన్నీ అడగరు” అన్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చుకున్నాను. ఒక కొవ్వొత్తితో చేసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టాను. తర్వాత అదే గ్లాసు, అంతే నీళ్ళు, ఈసారి మూడు కొవ్వొత్తులు. గ్లాసులో పట్టే గాలి మారలేదు, అందులో ఉండే ఆక్సిజనూ మారలేదు. పన్నెండేళ్ళుగా నేను చెప్పింది నిజమైతే నీళ్ళు ఆ గీత దగ్గరే ఆగాలి. ఆగలేదు. గీత దాటి ఎక్కడికో పోయాయి. చెమట పట్టిందంటే నమ్మండి. జరిగేదేమిటంటే, మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక లోపల మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి నెడుతుంది. నీళ్ళు ఎక్కడానికి ముఖ్య కారణం అది. ఆక్సిజన్ అయితే అంతా ఖర్చు కాకముందే మంట ఆరిపోతుంది, పైగా ఖర్చయినదాని చోటికి కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది.

మర్నాడు తరగతిలో మూడు కొవ్వొత్తులు పెట్టి మళ్ళీ చేసి, నేను చెప్పింది తప్పని చెప్పాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఇదే కొవ్వొత్తి మీద లండన్‌లో మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన బడి చదువు అంతంతమాత్రం. పుస్తకాలు బైండింగు చేసే చోట పనికి చేరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. ఆరు ఉపన్యాసాలకు సరిపడా సరుకున్న కొవ్వొత్తిని నేను అరగంటలో ఆర్పేసి, బోర్డు మీద ‘ముగింపు’ అని రాసేవాణ్ణి.

చదువు ఎంతున్నా ఇంతే. 1987లో అమెరికాలో ఒక డాక్యుమెంటరీ తీసినవాళ్ళు హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవానికి వెళ్ళి, పట్టా గౌన్లు తొడుక్కున్నవాళ్ళను ఆపి, ఎండాకాలం ఎందుకు వస్తుందని అడిగారు. భూమి సూర్యుడికి దగ్గరగా రావడం వల్లనని చాలామంది తడుముకోకుండా చెప్పారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటివారంలో. అంటే మీ ఇళ్ళలో భోగి పిడకల దండలు గుచ్చుకుంటూ చలికి ముడుచుకునే రోజుల్లో. భూమి ఒరిగి తిరగడం వల్ల వచ్చే రుతువులను వాళ్ళు చదువుకోలేదని కాదు. చదివారు, పరీక్ష రాశారు, మార్కులు తెచ్చుకున్నారు. చదివినదాన్ని ఒక్కసారి కూడా నీడతో సరిచూసుకోలేదు.

మీ చేతికి గైడు తగిలింది గాని సైన్సు తగలలేదు. ఈత గురించి పుస్తకం బట్టీ పట్టిన మనిషిని గోదావరి రేవులో నిలబెట్టి, పిల్లలకు ఈత నేర్పమంటే గొంతు పెగులుతుందా? కాబట్టి ఒక నెల రోజులు పిల్లలకు సైన్సు చెప్పడం ఆపేయండి. వాళ్ళకేమీ నష్టం లేదు. ఆ నెల మీది.

మొదటి పని ఇది. ఒక టార్చి సెల్లు, జానెడు రాగి తీగ, ఒక టార్చి బల్బు. తీగ రెండు కొసలా ప్లాస్టిక్ తొడుగు ఒలిచి ఉండాలి. అంతకు మించి ఏదీ వద్దు. హోల్డరు వద్దు, టేపు వద్దు, రెండో తీగ అసలే వద్దు. పిల్లలు నిద్రపోయాక కూర్చుని, వాటితో బల్బు వెలిగించండి. ఎలాగో నేను చెప్పను. చెబితే మీ రాత్రిని పాడుచేసినవాణ్ణవుతాను. ఫోనులో వెతికితే మీరే పాడుచేసుకున్నవాళ్ళవుతారు. మామూలుగా అందరూ బల్బు అడుగుభాగాన్ని సెల్లు మీద పెట్టి, తీగను ఇంకెక్కడో ఆనించి, వెలగకపోతే సెల్లు అయిపోయిందనుకుంటారు. ఒక్కటే హెచ్చరిక: బల్బు వెలగకుండా తీగ వేడెక్కుతోందంటే వెంటనే వదిలేయండి. వదిలేశాక, అలా ఎందుకు వేడెక్కిందో కాసేపు ఆలోచించండి. సమాధానంలో సగం అక్కడే ఉంది. పావుగంట పట్టవచ్చు, మూడు రాత్రులు పట్టవచ్చు. వెలిగిన క్షణాన కరెంటు ఎక్కడ మొదలై, బల్బులో ఏ దారిన పోయి, ఎక్కడికి తిరిగి చేరిందో మీ వేలితో చూపించగలుగుతారు. ‘సంవృత వలయం’ అని పదో తరగతిలో రాసినదాన్ని మీ వేలు మొదటిసారి చదువుతుంది.

ఇలాంటివి నెలలో నాలుగు చేయండి చాలు. మీరు అడిగిన ధైర్యం ఈ రాత్రుల్లోనే వస్తుంది. పిల్లల ఎదుట పాఠం చెబుతూ తెచ్చుకోవాలంటే రాదు, ఎందుకంటే అప్పుడు మీ మనసు బల్బు మీద ఉండదు, పరువు మీద ఉంటుంది.

ఇక మీ ఇంటి సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. సైన్సు రాదని చేతులెత్తేసిన మీ వారు చేసే పనేమిటి? రొయ్యల చెరువులు చూసుకుంటారు. అంటే రోజూ పొద్దునా సాయంత్రం నీటి పి.హెచ్., అంటే నీటిలో పులుపుగుణం ఎంతో చెప్పే అంకె, చూస్తారు. తెల్లవారుజామున డి.ఓ., అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, చూస్తారు. నీటి రంగు చూసి, నీటిలో తేలే సూక్ష్మజీవులు, అదే ప్లాంక్టన్, పలచబడిందా, మితిమీరిందా చెప్పగలుగుతారు. చెక్ ట్రే పైకెత్తి, మిగిలిన మేతను బట్టి మర్నాటి మేత తగ్గిస్తారు. ఇవన్నీ తేదీలు వేసి ఒక పుస్తకంలో రాస్తారు. కొలవడం, రాయడం, అంచనా కట్టడం, తప్పితే దిద్దుకోవడం. ఇది సైన్సు కాదని ఆయనకు ఎవరు చెప్పారు? ఇంటర్ బోర్డు వారా?

బాబును ఒకరోజు తెల్లవారుజామున 4 గంటలకు చెరువు గట్టుకు తీసుకువెళ్ళమనండి. డి.ఓ. ఎంతుందో వాడి చేత రాయించమనండి. అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకు అదే చెరువులో, అదే చోట మళ్ళీ చూడమనండి. రెండు అంకెలకూ పొత్తు ఉండదు. తెల్లవారకముందు తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. పి.హెచ్. కూడా అంతే, పొద్దుటి కన్నా మధ్యాహ్నానికి పెరుగుతుంది. ఎందుకో వాడిని అడగండి, మీరేమీ చెప్పకండి. వారం రోజులు రాసి గ్రాఫు గీస్తే కొండా లోయా లాగా వస్తుంది. నీటిని పచ్చగా ఉంచే ఆ కంటికి కనబడని నాచు పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది, నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఆమ్లగుణం తగ్గి పి.హెచ్. పెరుగుతుంది. పొద్దుగూకితే తయారీ బంద్. ఇక రొయ్యలూ, ఆ నాచూ, అడుగునున్న సూక్ష్మజీవులూ అన్నీ ఊపిరి పీల్చుకునేవే. రాత్రంతా ఖర్చే గాని రాబడి లేదు. బి.కాం. చదివారు కదా, ఈ లెక్క మీకు నేను చెప్పాలా? తెల్లవారేసరికి ఖాతా అడుగంటుతుంది. అందుకే రాత్రిపూట నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు, డి.ఓ. 4 కన్నా కిందికి దిగకూడదని కాపలా కాస్తారు, రొయ్యలు పైకి తేలితే మీ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఇది ఏడో తరగతి పాఠంలో కిరణజన్య సంయోగక్రియ. ఆ మాటంటేనే నాకు చిన్నప్పుడు హడల్. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసేది కాదు. చాలా ఏళ్ళ తర్వాత విడదీసి చూసుకున్నాను: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. ఎండ పడితే నీరూ గాలీ కలిసి ఆహారం అవుతాయని ఆ మాటలోనే ఉంది. మీ పిల్లలకు ముందు చెరువు చూపించి, గ్రాఫు గీయించి, వాడు “పగలు తయారవుతోంది, రాత్రి అయిపోతోంది” అన్న తర్వాత “దానికి ఒక పేరుంది” అని చెప్పండి. పేరు ముందు వస్తే పిల్లలు పేరు దగ్గరే ఆగిపోతారు. నేను ఆగిపోయాను.

చెరువు దగ్గర ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏరేటర్ల కేబుళ్ళు, స్టార్టరు పెట్టెలు ఉన్న వైపు పిల్లవాడు అడుగు పెట్టకూడదు. తడి నేల, పెద్ద కరెంటు. గట్టు మీదే, తండ్రి చెయ్యి పట్టుకునే.

మీ అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడ మీకు ప్రతిపక్షం అనుకుంటున్నారు గాని, మీ ఇంట్లో ఇద్దరు గురువులుంటే ఒకరు ఆవిడే. దిష్టి తీసే ఎర్రనీళ్ళు పిల్లల ఎదుట కలపమనండి. నీళ్ళలో పసుపు వేస్తే పచ్చగా ఉంటుంది. తాంబూలంలో వేసే సున్నం చిటికెడు కలిపితే ఎర్రబడుతుంది. పారాణి రంగూ అదే. అక్కడితో ఆవిడ ఆపేస్తారు. మీరు ఆపకండి. అందులో నిమ్మకాయ పిండండి. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వస్తుంది. మళ్ళీ సున్నం వేస్తే మళ్ళీ ఎరుపు. పాప ఇది పదిసార్లు చేస్తానంటుంది, చేయనివ్వండి. తెల్ల చొక్కా మీద పడిన పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడటం మీరు వందసార్లు చూసి ఉంటారు. సబ్బు, సున్నం ఒక జట్టు. నిమ్మరసం, చింతపండు ఇంకో జట్టు. పసుపు ఆ రెంటినీ వేరుచేసి చూపించే సూచిక. ఇంట్లో ఉన్నవన్నీ, కుంకుడు రసం, వంటసోడా, మజ్జిగ, బూడిద నీళ్ళు, ఏ జట్టువో ముందు ఊహించి రాసి, తర్వాత పరీక్షించమనండి. మీ వారి పి.హెచ్. మీటరు కొలిచేదీ ఈ సంగతినే, కాకపోతే అంకెల్లో. ఆవిడ చేత ఈ పాఠం చెప్పిస్తే, ‘అందుకే బడికి పంపమన్నాను’ అనే మాట కొంత తగ్గుతుందని కూడా నా ఆశ.

ఇప్పుడు పాప ప్రశ్న. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాట ‘మళ్ళీ అడగలేదు’ అన్నది. కిటికీ పక్కన కూర్చున్న నా విద్యార్థిని గుర్తొచ్చింది. ఆ పిల్ల కూడా ఆ తర్వాత నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. తప్పు ఒప్పుకున్నా లాభం లేకపోయింది, ఆలస్యమైంది. మీకు ఇంకా ఆలస్యం కాలేదు.

పాప పొద్దున్నే చూసింది కాబట్టి అది బహుళ పక్షమే అయి ఉండాలి. శుక్లపక్షం చంద్రుడైతే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కనబడతాడు. గోడ మీద ఉన్న తెలుగు క్యాలెండరు తీసి, రాబోయే బహుళ పంచమి ఎప్పుడో చూడండి. ఆనాటి నుంచి దశమి దాకా ఆరు రోజులు, పొద్దున 7 గంటలకు ఇద్దరూ డాబా ఎక్కండి. సూర్యుడు కొబ్బరిచెట్టు వెనకో, ట్యాంకు వెనకో దాగి ఉండేలా నిలబడండి, అటు నేరుగా చూడవద్దు. చెయ్యి చాచి పిడికిలి బిగించమనండి. పిల్లదైనా పెద్దదైనా, చాచిన చేతి పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. సూర్యుడున్న దిక్కు నుంచి చంద్రుడి దాకా ఎన్ని పిడికిళ్ళో లెక్కపెట్టి, చంద్రుడి బొమ్మ గీసి, పక్కన రాయించండి. రోజూ ఒక పిడికిలి కన్నా కొంచెం ఎక్కువే సూర్యుడి వైపు జరుగుతాడు, జరిగినకొద్దీ సన్నబడతాడు. తిథి అంటే ఇదే. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు మారితే ఒక తిథి. 30 తిథులకు 360 డిగ్రీలు. అష్టమి నాడు ఇద్దరి మధ్యా దాదాపు 90 డిగ్రీలు, తొమ్మిది పిడికిళ్ళు. మీ అత్తగారికి ఏకాదశి ఎప్పుడో క్యాలెండరు చూడకుండానే తెలిసి ఉంటుంది. ఆకాశంలో అది ఎన్ని పిడికిళ్ళో మాత్రం మీ పాప చెప్పాలి.

అష్టమి నాడు ఒక పని చేయండి. ఒక తెల్ల బంతి, లేకపోతే మంచి నిమ్మకాయ తీసుకుని, ఎండ దాని మీద పడేలా చెయ్యి చాచి చంద్రుడి పక్కనే ఉన్నట్టుగా పట్టుకోండి. బంతి మీద ఎండ పడిన భాగం, పడని భాగం చూడండి. తర్వాత చంద్రుణ్ణి చూడండి. రెండూ ఒకే ఆకారం. సగం వెలుగు, సగం చీకటి, గీత కూడా ఒకే వాలులో. నేను రిటైరయ్యాక మనవరాలితో కలిసి మొదటిసారి చేశాను ఇది. 31 ఏళ్ళు బోర్డు మీద వృత్తాలు గీసినవాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడ్డాను.

చంద్రకళలు భూమి నీడ వల్ల వస్తాయని మీరు అనుకుంటున్నారేమో, చాలామంది అనుకుంటారు. డాబా మీద నిలబడి మీరే వాదించుకోండి: సూర్యుడూ పైనే ఉన్నాడు, చంద్రుడూ పైనే ఉన్నాడు, భూమి మన కాళ్ళ కింద ఉంది. దాని నీడ పైనున్నవాడి మీద ఎలా పడుతుంది? భూమి నీడ చంద్రుడి మీద పడేది చంద్రగ్రహణం నాడే, అదీ పౌర్ణమికే.

అయితే పగలు ఎందుకున్నాడు? రోజుకు 24 గంటల్లో ఇంచుమించు సగం సేపు చంద్రుడు మన ఆకాశంలో ఉంటాడు. ఆ సగం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది, అంతే. పౌర్ణమి నాడు ఆ సగం సరిగ్గా రాత్రిపూట పడుతుంది. మిగతా రోజుల్లో కొంత పగటిలోకి వస్తుంది. అమావాస్య దగ్గర సూర్యుడి పక్కనే ఉండి కనబడడు. చంద్రుడు రాత్రివాడని మనకు చెప్పింది జోలపాటలూ బొమ్మల పుస్తకాలూ. ఆకాశం ఎప్పుడూ చెప్పలేదు. ఈ జవాబు పాపకు మొదటిరోజే చెప్పేయకండి. ఆరు రోజులు గీశాక తనే చాలావరకు చెబుతుంది. మొదటిరోజు మీరు అనవలసిందల్లా, “మొన్న నువ్వడిగింది నాకు తెలియలేదు. పైకి రా, చూద్దాం.” తర్వాత “నువ్వేమనుకుంటున్నావు?” అని అడిగి, తను చెప్పింది తప్పయినా ఒప్పయినా తేదీ వేసి రాయండి. ‘తెలియదు’ అని చెప్పి ఊరుకుంటే అది ఫోనులో చూస్తాననడం లాంటిదే.

పుస్తకాల మాట. కొత్తగా ఏమీ కొనకండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది. మీలాంటివారికి అంతకన్నా మంచిది లేదు, ఏ మాట అర్థం కాకపోయినా పక్క పేజీలో దాని తోబుట్టువు ఉంటుంది. పాఠాన్ని మొదటి వాక్యం నుంచి చదవకండి. ‘కృత్యం’ అని ఉన్నచోట మొదలుపెట్టండి. ఇన్నాళ్ళూ వాటిని దాటేసి ఉంటారని నా అనుమానం. దాటేయని టీచర్లు తక్కువ, నేనూ చాలా దాటేశాను. కృత్యం చేసి, దానికి ముందూ వెనకా ఉన్న పేరాలు తర్వాత చదివితే అవి వేరే పుస్తకంలా కనబడతాయి. వేలకు వేలు పోసి అమ్మే సైన్సు కిట్లు వద్దు. వాటిలో అన్నీ మొదటిసారే పనిచేస్తాయి, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఒక భూతద్దం, రెండు అయస్కాంతాలు, ఒక థర్మామీటరు కొనండి. ఫోనులో వీడియోలు చూడటం తప్పు కాదు, కాని ప్రయోగం అయ్యాక చూడండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. గోడ ప్లగ్గుతో ఏ ప్రయోగమూ వద్దు, సెల్లులతోనే. భూతద్దంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు. బాత్రూము కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. సున్నం కంట్లో పడకుండా చూసుకోవాలి. మంట ఉన్నప్పుడు పాప జడ కట్టి ఉండాలి.

బాబుకు 13 ఏళ్ళు వచ్చేనాటికి సంగతి మారుతుంది. సమీకరణాలు, ఓమ్ నియమం, రసాయన సూత్రాలు వచ్చాక నెలకు నాలుగు రాత్రులతో మీరు నెట్టుకురాలేకపోవచ్చు. అప్పుడు వారానికి ఒకసారి సైన్సు చదివిన మనిషి సాయం తీసుకోండి. డిగ్రీ చూసి కాదు, పిల్లవాడు అడ్డుప్రశ్న వేస్తే ఏమంటారో చూసి పెట్టుకోండి. “పరీక్షలో రాదు” అన్నవారిని టీ ఇచ్చి పంపించేయండి. పదో తరగతి పరీక్ష కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు ఎన్.ఐ.ఓ.ఎస్. ద్వారా గాని, రాష్ట్ర ఓపెన్ స్కూలు ద్వారా గాని రాయవచ్చు, 14 ఏళ్ళు నిండాలి. ఎన్.ఐ.ఓ.ఎస్.లో సైన్సు తీసుకుంటే ప్రయోగ పరీక్ష కూడా ఉంటుంది. చెరువు గ్రాఫులు గీసినవాడికి దాని గురించి బెంగ అక్కర్లేదు.

బల్బు సంగతి మరిచిపోయాను. ఇప్పుడు టార్చి బల్బు అంటే కొట్టువాడు ఎల్.ఈ.డీ. ఇచ్చేస్తాడు. అది వద్దు. పాత రకం, లోపల సన్నని తీగ కనబడేది, కింద మరలున్నది, 2.5 వోల్టులది అని అడగండి. ఒక్క సెల్లుకు అది మసకగానే వెలుగుతుంది, కంగారు పడకండి. రెండు కొనండి. మొదటి రాత్రే ఒకటి చేతిలోంచి జారి పగలవచ్చు.